కాళ్లలో బలం తగ్గుతోంది, స్కాన్‌లో ఏమీ కనిపించలేదు: అప్పుడు ఏం చేయాలి?

మా బాబాయి భోజనం చేసి పీట మీద నుంచి లేవలేకపోయిన రోజు మా ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 58 ఏళ్ల మనిషి, పొలం పని, నడుం పట్టేసి ఉంటుందిలే అనుకున్నాం. గోడ పట్టుకుని లేచాడు. నెల తిరిగేసరికి పిన్ని చెయ్యి అందిస్తే తప్ప లేవలేకపోయాడు. నోరు ఎండిపోతోందని మంచినీళ్ల చెంబు రోజంతా పక్కనే పెట్టుకునేవాడు. నడుముకి ఎంఆర్‌ఐ తీశారు, వయసుకి తగ్గ అరుగుదలే అన్నారు. బెల్టు కట్టారు, బీ12 ఇంజెక్షన్లు చేశారు, ట్రాక్షన్ పెట్టారు. అలా 5 నెలలు పోయాయి.

ఆ తర్వాత ఒక న్యూరాలజిస్టు గారు బాబాయి మోకాలి కింద సుత్తితో తట్టారు. కాలు కదల్లేదు. "పది సెకన్లు నా చేతిని గట్టిగా తోయండి" అని తోయించుకుని, వెంటనే మళ్లీ తట్టారు. ఈసారి కాలు ఎగిరింది. ఆయన అడిగిన తర్వాతి ప్రశ్న, "సిగరెట్టో చుట్టో కాలుస్తారా?" అని. వారం తిరగకుండా ఛాతీ సీటీలో గడ్డ కనిపించింది. బాబాయికి దగ్గు లేదు, రక్తం పడలేదు. ఊపిరితిత్తిలో ఉన్న జబ్బుని ముందుగా చెప్పింది కాళ్లే.

ఆ 5 నెలలు మాకు తెలియక పోయాయి. మీ ఇంట్లో అలా పోకూడదని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. రెండేళ్లు ఆస్పత్రుల చుట్టూ తిరిగి, డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది ఒక వరసలో పెడుతున్నాను.

ముందు ఇది ఏమిటో తెలుసుకోండి

క్యాన్సర్ నరాల్లోకి పాకకుండానే నరాలని, కండరాలని పాడుచేసే జబ్బులు కొన్ని ఉన్నాయి. డాక్టర్లు వీటిని పారానియోప్లాస్టిక్ సిండ్రోములు అంటారు. క్యాన్సర్ కణాల మీద కొన్ని ప్రొటీన్లు ఉంటాయి. అవే ప్రొటీన్లు మన నరాల మీదా ఉంటాయి. దొంగ వేసుకున్న చొక్కా, మన పిల్లాడు వేసుకున్న చొక్కా ఒకటే అయితే కాపలావాడు ఇద్దరినీ కొడతాడు కదా, అలా శరీరంలోని రక్షణ వ్యవస్థ గడ్డ మీద యుద్ధం మొదలుపెట్టి నరాల మీద కూడా పడుతుంది. ఒక్కోసారి గడ్డ చాలా చిన్నగా ఉన్నప్పుడే ఇది మొదలవుతుంది. అందుకే చాలామందిలో నరాల జబ్బు ముందు, క్యాన్సర్ తర్వాత బయటపడతాయి.

బాబాయికి వచ్చినదాని పేరు లాంబర్ట్-ఈటన్ సిండ్రోమ్. అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు 1956లో దీన్ని వివరంగా రాశారు. నరం చివరి నుంచి కండరానికి కబురు వెళ్లాలంటే అక్కడ క్యాల్షియం లోపలికి రావాలి. అది వచ్చే దారులు మన పంట కాలువ తూముల్లాంటివి. రక్షణ వ్యవస్థ తయారుచేసిన యాంటీబాడీలు ఆ తూములకి అడ్డుపడతాయి. నీరందని చేనులా కండరం ఉండిపోతుంది. గట్టిగా కాసేపు ప్రయత్నిస్తే కొంచెం కొంచెంగా క్యాల్షియం పోగై కాసేపు బలం వస్తుంది. మోకాలు రెండోసారి ఎగరడానికి కారణం అదే. స్మాల్ సెల్ అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల మీద కూడా ఇవే క్యాల్షియం దారులు ఉంటాయి. ఈ సిండ్రోమ్ వచ్చినవాళ్లలో సగానికి పైగా ఆ క్యాన్సర్ ఉంటుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. అరికాళ్ల తిమ్మిరి ఉందనగానే క్యాన్సర్ అని టెన్షన్ పడకండి. మన దగ్గర తిమ్మిర్లకి షుగర్, బీ12 లోపం, మెడ ఎముకల అరుగుదల, థైరాయిడ్ అన్నవి ఎన్నో రెట్లు ఎక్కువ కారణాలు. మొత్తం క్యాన్సర్ రోగుల్లో ఈ నరాల సిండ్రోములు వచ్చేవాళ్లు వందకి ఒకరు కూడా ఉండరు. కీమోలో వాడే విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్, సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ లాంటి మందుల వల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి, అది వేరే సంగతి. అరుదైనది కాబట్టి భయపడక్కర్లేదు, కానీ అరుదైనది కాబట్టే ఎవరికీ తట్టదు. తట్టేలా చేయాల్సింది మనమే.

ఎప్పుడు అనుమానించాలి?

అన్నిటికన్నా పెద్ద గుర్తు వేగం. షుగర్ తిమ్మిరి ఏళ్ల తరబడి నెమ్మదిగా పాకుతుంది. ఇవి వారాల్లో, రెండు మూడు నెలల్లో మనిషిని మార్చేస్తాయి. ఉగాదికి పొలం వెళ్లినవాడు వినాయక చవితికి గుమ్మం దాటలేకపోతున్నాడంటే దాన్ని వయసు మీదకి తోసేయకూడదు.

లాంబర్ట్-ఈటన్ అయితే బలహీనత తొడల్లో మొదలవుతుంది. నేల మీద నుంచి, ఇండియన్ టాయిలెట్ నుంచి లేవలేరు. బస్సు మెట్టు ఎక్కలేరు. దాంతోపాటు నోరు ఎండటం, మలబద్ధకం, మగవారిలో అంగస్తంభన తగ్గటం, నిలబడితే కళ్లు తిరగటం ఉంటాయి. అంగస్తంభన సంగతి మన ఇళ్లలో ఎవరూ నోరు విప్పి చెప్పరు. బాబాయి కూడా చెప్పలేదు, డాక్టరు గారు అందరినీ బయటికి పంపి అడిగితే చెప్పాడు. ఇది సిగ్గుపడే విషయం కాదు, జబ్బుని పట్టిచ్చే ఆధారం. 50 దాటిన వయసు, పొగ అలవాటు, బరువు తగ్గడం, మాట ముద్దగా రావడం లేదా మింగడం కష్టమవడం, వీటికి ఇదీ తోడైతే లోపల క్యాన్సర్ ఉండే అవకాశం బాగా పెరుగుతుంది.

దీనికి దగ్గరి చుట్టం మయాస్థీనియా గ్రావిస్. ఇందులో కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం ముందు వస్తాయి. పొద్దున బాగుండి సాయంత్రానికి నీరసిస్తారు. వీళ్లలో వందకి 10 నుంచి 15 మందికి రొమ్ము ఎముక వెనకాల ఉండే థైమస్ గ్రంథిలో గడ్డ ఉంటుంది. దాన్ని థైమోమా అంటారు.

ఇంకొకటి డెర్మటోమయోసైటిస్. చర్మం, కండరం రెండూ దెబ్బతింటాయి. కనురెప్పల మీద ఊదారంగు, వేళ్ల కణుపుల మీద ఎర్రటి లేదా ఊదారంగు బొడిపెలు, మెడ కింద ఎండకి కమిలినట్టు మచ్చ. మన చర్మం రంగులో ఇవి నల్లగా, వంకాయ రంగులో కనిపించి, ఎలర్జీ అనుకుని ఆయింట్‌మెంట్లతో సరిపెట్టేస్తారు. జడ వేసుకోవడానికి చేతులు పైకి లేవట్లేదంటే మచ్చలతో కలిపి చూడాలి. పెద్దవాళ్లలో ఇది వస్తే అండాశయం, రొమ్ము, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, పేగులు, రక్తానికి సంబంధించిన క్యాన్సర్ల కోసం వెతుకుతారు. జబ్బు మొదలైన తర్వాత మొదటి 3 ఏళ్లు జాగ్రత్తగా ఉండాలి. పిల్లల్లో వచ్చే డెర్మటోమయోసైటిస్‌కి క్యాన్సర్‌తో మామూలుగా సంబంధం ఉండదు, తల్లిదండ్రులు ఆ విషయంలో కంగారుపడక్కర్లేదు.

నడక ఉన్నట్టుండి తూలుతూ, మాట తడబడుతూ, చేతిలో గ్లాసు తొణుకుతూ ఉంటే అది చిన్నమెదడు దెబ్బ కావచ్చు. ఆడవారిలో అండాశయం, రొమ్ము క్యాన్సర్లు దీని వెనక ఉండవచ్చు. మొదట్లో మెదడు ఎంఆర్‌ఐ నార్మల్‌గానే రావచ్చు. ఒక చేతిలో లేదా ఒక కాలిలో మంట, నొప్పితో స్పర్శ పోతూ, చెప్పు జారిపోయినా తెలియకపోతుంటే స్పర్శ నరాల మొదళ్లే దెబ్బతింటున్నాయేమో చూడాలి. పసిపిల్లల్లో కళ్లు అన్ని దిక్కులకీ నాట్యం చేసినట్టు కదులుతూ ఒళ్లు అదిరిపడుతుంటే పిల్లల డాక్టరు దగ్గరికి ఆ రోజే వెళ్లాలి. అలాంటి పిల్లల్లో దాదాపు సగం మందికి న్యూరోబ్లాస్టోమా అనే గడ్డ ఉంటుంది.

ఒకటి మాత్రం ఆగి చెప్పాలి. 18, 20 ఏళ్ల అమ్మాయి కొద్దిరోజుల్లో నిద్ర మానేసి, సంబంధం లేకుండా మాట్లాడుతూ, అరుస్తూ, తర్వాత ఫిట్స్ వచ్చి, నోరు, ముఖం వింతగా కదిలిస్తూ ఉంటే మన ఊళ్లలో గాలి సోకిందంటారు. భూతవైద్యుడి దగ్గరికి, లేదంటే నేరుగా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళతారు. ఇది ఎన్‌ఎండీఏ యాంటీబాడీ మెదడువాపు కావచ్చు. 2007లో జోసెప్ డాల్మావ్ బృందం దీన్ని గుర్తించింది. కొందరు అమ్మాయిల్లో అండాశయంలో ఉండే టెరటోమా అనే గడ్డ దీనికి కారణం. ఆ గడ్డ తీసేసి, మందులు సమయానికి ఇస్తే చాలామంది మళ్లీ చదువుకి, ఉద్యోగానికి వెళతారు. తాయెత్తు కట్టించాలని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే కట్టించండి, కానీ ఆ రోజే న్యూరాలజిస్టు దగ్గరికి కూడా తీసుకెళ్లండి.

మొదటి పని: ఒక కాగితం, నాలుగు వీడియోలు

డాక్టరు దగ్గర మనకి దొరికేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో "నీరసంగా ఉంటోందండీ" అంటే బలం టానిక్ రాసి పంపిస్తారు. అందుకని ఇంట్లోనే ఒక పేజీ రాసుకోండి. ఏ నెలలో ఏ పని ఆగిపోయిందో రాయండి. "సంక్రాంతికి డాబా మెట్లు ఎక్కాడు. శివరాత్రికి నేల మీద నుంచి లేవడానికి గోడ కావాల్సి వచ్చింది. ఇప్పుడు మంచం మీద నుంచి కూడా ఇద్దరు లేపాలి." పండగలతో గుర్తుపెట్టుకుంటే తేదీలు తప్పవు. కింద బరువు ఎంత తగ్గాడో, పొగ అలవాటు ఎన్నేళ్లో, కుటుంబంలో క్యాన్సర్ ఎవరికైనా ఉందో, ఇప్పటిదాకా వాడిన మందులన్నీ రాయండి. ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్లు, నాటు మందులు కూడా.

తర్వాత ఫోన్‌లో చిన్న వీడియోలు తీయండి: కుర్చీలోంచి లేవడం, నడక, పొద్దున ముఖం, సాయంత్రం ముఖం. డాక్టరు ముందు కూర్చున్న సమయానికి రెప్ప మామూలుగా ఉండొచ్చు, ఫిట్స్ ఆగిపోయి ఉండొచ్చు. వీడియోలో అది కనిపిస్తుంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏం అడగాలి?

నేరుగా న్యూరాలజిస్టు దగ్గరికి. ఎముకల డాక్టరు చుట్టూ నెలలు తిరగొద్దు. హైదరాబాద్‌లో నిమ్స్, తిరుపతిలో స్విమ్స్, బెంగళూరులో నిమ్హాన్స్ లాంటి పెద్ద ఆస్పత్రుల్లో ఈ జబ్బులు చూసిన డాక్టర్లు ఉంటారు. మీ జిల్లా కేంద్రంలో మంచి న్యూరాలజిస్టు ఉంటే అక్కడే మొదలుపెట్టండి, దూరం కోసం వారాలు వృథా చేయొద్దు.

వినయంగా, కానీ సూటిగా ఒక ప్రశ్న అడగండి: "డాక్టరు గారూ, ఇంత వేగంగా తగ్గుతోంది, లోపల ఎక్కడైనా గడ్డ ఉండి దానివల్ల ఇలా అయ్యే అవకాశం ఉందా?" మంచి డాక్టరు ఎవరూ ఈ ప్రశ్నకి కోపగించుకోరు. మేము ఈ ప్రశ్న 5 నెలలు ముందు అడిగి ఉంటే అనిపిస్తుంది నాకు.

ఆ తర్వాత జరిగే పరీక్షలు మనిషిని బట్టి మారతాయి. నరాల పరీక్షలో చిన్న కరెంటు షాకులు పదేపదే ఇచ్చి కండరం స్పందన కొలుస్తారు. మయాస్థీనియాలో ఆ స్పందన తగ్గుతూ పోతుంది. లాంబర్ట్-ఈటన్‌లో మొదట చాలా తక్కువగా ఉండి, పది సెకన్లు గట్టిగా బిగించాక ఒక్కసారి పెరుగుతుంది. ల్యాబ్‌లో ఈ రెండో భాగం చేయకపోతే జబ్బు దొరకదు, కాబట్టి "కండరం బిగించాక కూడా చూశారా అండీ?" అని అడగండి. కండరం దెబ్బతింటే సీపీకే అనే రక్తపరీక్షలో అంకె పెరుగుతుంది. మెదడు జబ్బులకి ఎంఆర్‌ఐ, మెదడులోని కరెంటుని కొలిచే ఈఈజీ, వెన్నులోంచి నీరు తీసి చేసే పరీక్ష ఉంటాయి. వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయని మన వాళ్లకో భయం. సూది వేసే చోట వెన్నుపాము ఉండదు, దానికన్నా కిందనే వేస్తారు. కొందరికి కొద్దిరోజులు తలనొప్పి రావచ్చు.

యాంటీబాడీ పరీక్ష ఖరీదైనదే. అన్ని ఊళ్లలో చేయరు, నమూనా పెద్ద నగరానికి పంపిస్తారు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఐవీఐజీ అనే ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించకముందే రక్తం తీసి పక్కన పెట్టమనండి. దాతల రక్తం నుంచి తయారైన ఆ మందు ఎక్కాక పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించొచ్చు. రెండు, రిపోర్టు నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఈ జబ్బు కాదని తేలిపోదు, పాజిటివ్ వచ్చినంత మాత్రాన క్యాన్సర్ ఉందనీ తేలిపోదు. రిపోర్టు చూసి గూగుల్‌లో వెతికి రాత్రంతా ఏడవడం మా ఇంట్లో జరిగింది. ఆ పేపరుకి అర్థం చెప్పాల్సింది మనిషిని చూసిన డాక్టరే.

గడ్డని వెతకడం

ఛాతీకి మామూలు ఎక్స్‌రే తీసి క్లియర్ అంటే సరిపోదు. రంగు మందు ఎక్కించి తీసే సీటీ కావాలి. అందులో ఏమీ లేకపోతే ఒళ్లంతా గడ్డల కోసం వెతికే పెట్-సీటీ. ఆడవారికి మామోగ్రామ్, కటి భాగానికి అల్ట్రాసౌండ్. యువకులకి వృషణాల అల్ట్రాసౌండ్, ఎందుకంటే జ్ఞాపకశక్తి పోయే ఒక రకం మెదడువాపు వృషణాల గడ్డతో వస్తుంది. యాంటీబాడీ పేరుని బట్టి ఎక్కడ ముందు వెతకాలో డాక్టర్లకి తెలుస్తుంది: హు అయితే ఊపిరితిత్తి, యో అయితే అండాశయం, రొమ్ము.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. ఛాతీలో బిళ్లలు కనిపించగానే టీబీ అనేస్తారు. నిజంగా టీబీ కూడా చాలా ఎక్కువే, పెట్ స్కాన్‌లో టీబీ బిళ్లలు కూడా క్యాన్సర్‌లాగే వెలుగుతాయి. అందుకని ముక్క తీసి పరీక్ష చేయకుండా ఆరు నెలల టీబీ మందులు మొదలుపెట్టేద్దామంటే, "బయాప్సీ చేయడానికి వీలవుతుందా అండీ?" అని అడగండి. బయాప్సీ చేస్తే గడ్డ కదిలి ఒళ్లంతా పాకుతుందన్న మాట మా బంధువుల్లో నలుగురు చెప్పారు. ఆ భయంతో బయాప్సీ మానుకుంటే వైద్యమే మొదలవదు.

ఏమీ దొరకకపోతే? ఇక్కడే చాలామంది ఊపిరి పీల్చుకుని ఆపేస్తారు. గడ్డ స్కాన్‌కి అందనంత చిన్నగా ఉండొచ్చు. అనుమానం బలంగా ఉన్న సిండ్రోముల్లో ప్రతి 4 నుంచి 6 నెలలకి ఒకసారి, 2 ఏళ్ల పాటు మళ్లీ వెతకాలని నిపుణులు చెబుతారు. తేదీలు డిశ్చార్జి రోజే రాయించుకోండి.

వైద్యం మొదలయ్యాక

గడ్డకి వైద్యం చేయడమే అసలు వైద్యం. నిప్పు ఉన్నంతసేపూ పొగ వస్తూనే ఉంటుంది. దాంతోపాటు రక్షణ వ్యవస్థని శాంతింపజేయడానికి స్టిరాయిడ్లు, ఐవీఐజీ, రక్తంలోంచి యాంటీబాడీలని వడకట్టే ప్లాస్మా మార్పిడి, రిటుక్సిమాబ్ లాంటివి వాడతారు. ఐవీఐజీ సాధారణంగా కిలో బరువుకి 2 గ్రాముల చొప్పున 5 రోజుల్లో పంచి ఇస్తారు. 60 కిలోల మనిషికి 120 గ్రాములు. ఖర్చు ఎంతవుతుందో ముందే లెక్క అడగండి. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కిందికి ఏవి వస్తాయో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని చేరిన రోజే కలవండి. బిల్లు కట్టాక కలిస్తే లాభం ఉండదు.

లాంబర్ట్-ఈటన్‌కి అమిఫాంప్రిడిన్ అనే మాత్ర ఉంది. నరం చివర కబురు ఎక్కువసేపు నిలిచేలా చేస్తుంది. ప్రతి మందుల షాపులో దొరికేది కాదు, ఫిట్స్ ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు. మయాస్థీనియాకి ఎక్కువగా పైరిడోస్టిగ్మిన్ వాడతారు.

ఎంత కోలుకుంటారన్నది జబ్బు రకాన్ని బట్టి ఉంటుంది, దీన్ని దాచకుండా చెప్పాలి. యాంటీబాడీ నరం లేదా కండరం పైపొరని అడ్డుకునే జబ్బుల్లో, అంటే లాంబర్ట్-ఈటన్, మయాస్థీనియా, ఎన్‌ఎండీఏ లాంటివాటిలో, అడ్డు తొలగితే పని మళ్లీ మొదలవుతుంది. చిన్నమెదడు జబ్బు, హు యాంటీబాడీ జబ్బుల్లో నరకణాలే చనిపోతాయి. పోయినవి తిరిగి రావు. ఉన్నవాటిని నిలబెట్టుకోవడమే అక్కడ గెలుపు. అందుకే వాళ్లకి ప్రతి వారమూ ముఖ్యం.

క్యాన్సర్ డాక్టరు, న్యూరాలజిస్టు వేర్వేరు ఆస్పత్రుల్లో ఉంటే ఇద్దరి మధ్య మాట నడిపే పని మీదే. ఒకరి చీటీ ఇంకొకరికి చూపించండి, ఫోన్‌లో మాట్లాడుకోమని అడగండి. ముఖ్యంగా పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్, అటెజోలిజుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందుల మాట వస్తే తప్పకుండా నరాల జబ్బు సంగతి గుర్తుచేయండి. అవి రక్షణ వ్యవస్థని రెచ్చగొట్టే మందులు, నరాల దాడి ఇంకా పెరగొచ్చు. స్టిరాయిడ్లు, రిటుక్సిమాబ్ ఇచ్చే ముందు టీబీ, హెపటైటిస్ బీ చూశారా అని అడగండి. స్టిరాయిడ్ మాత్రలు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు.

పర్సులో ఒక చీటీ

మయాస్థీనియా, లాంబర్ట్-ఈటన్ ఉన్నవాళ్లకి కొన్ని మామూలు మందులు ప్రమాదం. జ్వరం వస్తే ఊళ్లో వెంటనే పొడిచే జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ మాత్రలు, మెగ్నీషియం ఇంజెక్షన్, కొన్ని బీపీ మాత్రలు, క్వినైన్, నిద్రమాత్రలు. ఇవి కండరాలని ఇంకా నీరసింపజేసి ఊపిరి మీదకి తెస్తాయి. జబ్బు పేరు, ఈ మందుల పేర్లు, న్యూరాలజిస్టు ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాయించి జేబులో ఒకటి, ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఒకటి పెట్టండి. మలబద్ధకానికి మెగ్నీషియం కలిసిన విరేచనం మందు కూడా అడగకుండా తాగొద్దు. పన్ను పీకించుకున్నా, ఏ ఆపరేషన్ అయినా, మత్తు డాక్టరుకి ఈ చీటీ ముందే చూపించాలి.

ఇంట్లో

పీటలు తీసేయండి. ఎత్తైన, చేతులున్న కుర్చీ పెట్టండి. టాయిలెట్ మీద వేసే కమోడ్ స్టూలు కొనండి, గోడకి పట్టుకునే రాడ్డు బిగించండి. బాబాయి పడింది ఒక్కసారే, అది బాత్రూమ్ గడప దగ్గర.

మింగడం కష్టంగా ఉంటే నీళ్లు, పల్చటి చారు, మజ్జిగ అన్నిటికన్నా ప్రమాదం. అవి గొంతులో పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పొడి అటుకులు, మరమరాలు కూడా వద్దు. మెత్తగా కలిపిన పెరుగన్నం, చిక్కటి జావ, మెత్తని పొంగలి తేలిక. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న ముద్దలు పెట్టండి. తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. బలం ఎక్కువగా ఉండే వేళలోనే భోజనం పెట్టుకోండి.

మంచం మీద నుంచి లేస్తూ కళ్లు తిరిగితే ముందు రెండు నిమిషాలు కాళ్లు వేలాడేసి కూర్చోమనండి. వేడి నీళ్ల స్నానం, మే నెల ఎండ, జ్వరం ఈ నీరసాన్ని పెంచుతాయి. గోరువెచ్చని నీళ్లు చాలు.

ఊపిరి విషయంలో ఆలస్యం వద్దు

రోజూ ఒకే సమయానికి ఇది చేయించండి: ఊపిరి నిండా పీల్చుకుని, ఒకే ఊపిరిలో అంకెలు గట్టిగా లెక్కపెట్టాలి. ఎంతదాకా వచ్చిందో రాయండి. నిన్న 35, ఇవాళ 22 అంటే డాక్టరుకి ఫోన్ చేయాలి. 20 దాటలేకపోతే, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంటే, దగ్గు బలంగా రాకపోతుంటే, లాలాజలం మింగలేకపోతుంటే 108కి ఫోన్ చేసి వెంటిలేటర్ ఉన్న ఆస్పత్రికే వెళ్లండి.

వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 97 చూపిస్తోందని ఊరుకోకండి. కండరాలు అలసిపోతున్నప్పుడు ఆ అంకె చివరిదాకా బాగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది.

క్యాలెండర్ మీద

బాబాయికి నాలుగు విడతల కీమో, దాంతోపాటు రేడియేషన్ ఇచ్చారు. మూడో విడత తర్వాత ఒకరోజు పొద్దున చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచాడు. పిన్ని వంటింట్లోంచి చూసి అక్కడే నిలబడిపోయింది. ఆ రోజు నుంచి పిన్ని గోడ క్యాలెండర్ మీద ప్రతి ఆదివారం ఒక అంకె వేస్తోంది: అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చున్నాడో. పక్కనే తర్వాతి స్కాన్ తేదీ ఎర్ర ఇంకుతో ఉంటుంది. మీరూ అలాగే వేయండి. వైద్యం అయ్యాక బలం మళ్లీ తగ్గడం గడ్డ తిరగబెట్టిందనడానికి గుర్తు కావచ్చు. రెండు ఆదివారాలు వరసగా ఆ అంకె తగ్గితే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా సోమవారం పొద్దున్నే ఫోన్ చేయండి.